ఎకనామిక్స్ ప్రాజెక్టుకు ఏ పాలసీ తీసుకోవాలి? ఐదు టాపిక్‌ల మధ్య పోలిక

“భారత ఆర్థిక వ్యవస్థపై జీఎస్టీ ప్రభావం.” “పెద్ద నోట్ల రద్దు: ఒక అధ్యయనం.” “భారతదేశంలో నిరుద్యోగం: కారణాలు, పరిష్కారాలు.” డిగ్రీ ఆఖరి ఏడాది ఎకనామిక్స్ పిల్లలు ప్రాజెక్టు కోసం నా దగ్గరికి తెచ్చే కాగితాల్లో సగం ఈ మూడే. ఒకటి వద్దంటే జేబులోంచి రెండోది తీస్తారు. వాళ్లను అని ఏం లాభం? పేపర్లో, టీవీలో వినబడేవి అవే. జిరాక్స్ షాపులో దొరికే సీనియర్ల ప్రాజెక్టులూ అవే.

నేను చేసిందీ అంతే. డిగ్రీలో ఉన్నప్పుడు ఆర్థిక సరళీకరణ మీద తొంభై పేజీలు రాశాను. అట్ట మీద బంగారు అక్షరాలు కూడా వేయించాను. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు పేజీలు అటూ ఇటూ తిప్పి ఒక్కటే అడిగారు: “ఇందులో నువ్వు సొంతంగా వేసిన లెక్క ఏ పేజీలో ఉందమ్మా?” ఎక్కడా లేదు. మార్కులు వేశారు కానీ ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

అందుకే ఇప్పుడు టాపిక్ ఓకే చేసే ముందు రెండు విషయాలు చూస్తాను. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎందుకు తీసుకున్నారో తామే రాసిపెట్టిన కాగితం ఉందా? ఆ కాగితంలోని ఒక్క అంకెనైనా మీరు ఎక్సెల్‌లో మళ్లీ వేసి సరిచూడగలరా? రెండూ ఉంటే నాలుగు నెలల్లో పని తేలుతుంది. లేకపోతే టాపిక్ ఎంత పెద్దదైనా చివరికి మిగిలేది పేపర్ కటింగులే.

నోట్ల రద్దు ఇక్కడే ఆగిపోతుంది. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగి వచ్చాయని ఆర్‌బీఐ 2017-18 వార్షిక నివేదికే చెప్పింది. ఆ ఒక్క అంకె దాటి “ప్రభావం” దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. రద్దు 2016 నవంబర్ 8న, జీఎస్టీ 2017 జూలై 1న. మధ్యలో ఎనిమిది నెలలు కూడా లేవు. ఏ దెబ్బ దేనిదో విడదీయడం పెద్ద పెద్ద ఆర్థికవేత్తలకే కష్టమైంది. ఆరో సెమిస్టర్‌లో మీకెందుకు ఆ టెన్షన్?

జీఎస్టీలో ఇంకో రకం గుంట ఉంది. నెలనెలా వచ్చే రాష్ట్రాలవారీ వసూళ్ల పట్టిక చూసి “మన రాష్ట్రానికి ఇంత ఆదాయం” అని రాసేస్తారు. అది ఆ రాష్ట్రం పరిధిలో కట్టిన పన్ను మాత్రమే. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య జరిగే అమ్మకాల మీద పన్ను) సర్దుబాటు అయ్యాక రాష్ట్ర ఖజానాకు చేరేది వేరే అంకె. ఈ తేడా తెలిసినవాళ్లు జీఎస్టీ తీసుకోవచ్చు. తెలియనివాళ్లకు ఈ కింది ఐదింటిలో ఒకటి మేలు.

రెపో రేటు, ద్రవ్యోల్బణం

కాగితాల విషయంలో దీన్ని మించిన టాపిక్ లేదు. 2016లో ఆర్‌బీఐ చట్టాన్ని సవరించి, వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచాలని, రెండు శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదని లక్ష్యం పెట్టారు. (సూచీని సీపీఐ అంటారు. మన ఊళ్లలో సీపీఐ అనగానే కంకి కొడవలి గుర్తొస్తుంది కాబట్టి వైవాలో పూర్తి పేరే చెప్పండి.) రెపో రేటును, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, నిర్ణయించేది ఆరుగురి ద్రవ్య విధాన కమిటీ. ముగ్గురు ఆర్‌బీఐ వాళ్లు, ముగ్గురు బయటివాళ్లు. సమావేశమైన 14వ రోజున మినిట్స్ (అక్కడ జరిగిన చర్చ నమోదు) బయటికి వస్తాయి. ఎవరు ఏ వైపు ఓటేశారు, ఎందుకు వేశారు అన్నది ఎవరి మాటల్లో వాళ్లే రాస్తారు. మన దేశంలో ఇంత బాహాటంగా వాదన నడిచే ఆర్థిక నిర్ణయం నాకు ఇంకోటి కనబడదు.

ఉదాహరణకు 2024 జూన్ మినిట్స్ తీయండి. నలుగురు 6.5 శాతం రెపో రేటును అలాగే ఉంచాలన్నారు. జయంత్ వర్మ, ఆషిమా గోయల్ పావు శాతం తగ్గించాలన్నారు. అందరి ముందూ ఉన్నవి అవే అంకెలు, ముగింపులు మాత్రం రెండు. ఆ ఆరు ప్రకటనలను పక్కపక్కన పెట్టి, ఎవరు వృద్ధికి ఎక్కువ బరువిచ్చారు, ఎవరు ఆహార ధరలకు భయపడ్డారు అని పట్టిక వేసినా మంచి అధ్యాయం అవుతుంది.

మన వైపు నుంచి అడగదగ్గ ప్రశ్న టమాటాలో ఉంది. 2023 జూలైలో ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగిరింది. టమాటా, కూరగాయల ధరలే పెద్ద కారణం. సెప్టెంబర్‌కల్లా 5.02కి దిగింది. ఈ మధ్యలో రెపో రేటు కదల్లేదు, 6.5 దగ్గరే ఉంది. మరి మదనపల్లె మార్కెట్లో టమాటా ధర మీద ముంబైలో పెట్టే వడ్డీ రేటు ఏం చేయగలదు? ఏమీ చేయలేదనుకుంటే, ఆహారానికి 45.86 శాతం బరువున్న (2012ను ఆధార ఏడాదిగా, అంటే బేస్‌గా, తీసుకున్న సిరీస్‌లో అంతే ఉండేది) సూచీని లక్ష్యంగా పెట్టుకోవడం సబబేనా? ఆహారాన్ని పక్కన పెట్టి లక్ష్యం నిర్ణయించే సంగతి ఆలోచించాలని 2023-24 ఆర్థిక సర్వే అంది. కాదన్నవాళ్ల వాదనా గట్టిదే. కూలి చేసుకునే ఇంట్లో ఖర్చులో సగం తిండికే పోతుంటే, దాన్ని వదిలేసిన అంకె ఎవరి ద్రవ్యోల్బణం? పైగా కూరగాయల మంట ఎక్కువ కాలం ఉంటే కూలి రేట్లలోకీ, మిగతా ధరల్లోకీ పాకుతుంది.

ఈ టాపిక్‌లో పిల్లలు పడే గుంట రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే గణాంక పద్ధతి). యూట్యూబ్ చూసి నలభై నెలల డేటాకు ఏదో మోడల్ తగిలిస్తారు. వైవాలో “ఈ గుణకానికి అర్థమేంటి?” అంటే నేల చూపులు. రెండు గీతల గ్రాఫ్, ఆరుగురి వాదన, మీ తీర్పు ఉంటే డిగ్రీకి చాలు. ఇంకో జాగ్రత్త: సూచీ బేస్ ఇప్పుడు 2024కి మారింది, బరువులూ మారాయి. పాత సిరీస్‌నూ కొత్త సిరీస్‌నూ ఒకే గీతలో కలిపేయకండి.

కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా

నా ఓటు దీనికే. కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

రాజ్యాంగం 280వ అధికరణం కింద సాధారణంగా ఐదేళ్లకోసారి ఆర్థిక సంఘం వేస్తారు. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత, అందులో ఏ రాష్ట్రానికి ఎంత అన్నది అది సిఫార్సు చేస్తుంది. నివేదిక లావుగా ఉంటుంది కానీ అసలు విషయం ఒక్క అధ్యాయంలో, రెండు మూడు పట్టికల్లో ఉంటుంది. కొలమానాలు, వాటి బరువులు, రాష్ట్రాల పేర్లు, వచ్చిన వాటా. లెక్క అంతా కళ్ల ముందే.

మచ్చుకు ఒక లెక్క వేసి చూపిస్తాను. 13వ సంఘం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన వాటా 6.937 శాతం (సేవా పన్నుకు వేరే అంకె ఉండేది). 14వ సంఘం విడిపోయిన రాష్ట్రాలకు విడివిడిగా ఇచ్చింది: ఆంధ్రప్రదేశ్‌కు 4.305, తెలంగాణకు 2.437. రెండూ కలిపితే 6.742. 15వ సంఘం దగ్గరికి వచ్చేసరికి 4.047, 2.102. కలిపితే 6.149. ఇక్కడితో ఆగితే “వాటా తగ్గుతూ వచ్చింది” అనే వాక్యం వస్తుంది. పేపర్లు ఆగేదీ ఇక్కడే.

మీరు ఇంకో అడుగు వేయండి. పంచే మొత్తమూ మారింది కదా! 13వ సంఘం పంపిణీ నిధిలో (కేంద్రం రాష్ట్రాలతో పంచుకునే పన్నుల మొత్తంలో) రాష్ట్రాలకు 32 శాతం ఇవ్వమంది. మన కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం దాన్ని 42కి పెంచింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమయ్యాక 15వ సంఘం 41 చేసింది. రెండు అంకెలనూ గుణిస్తే, పంపిణీ నిధిలోని ప్రతి నూరు రూపాయల్లో తెలుగు నేలకు వచ్చింది మొదట 2.22 రూపాయలు, తర్వాత 2.83, ఆ తర్వాత 2.52. అంటే తగ్గుతూ రాలేదు. ఒకసారి పెరిగి, తర్వాత తగ్గింది. ఒక గుణకారంతో కథే మారిపోయింది. ఎక్స్‌టర్నల్ అడిగే “సొంత లెక్క” ఇలాంటిదే.

ఆ తర్వాత కథ ఇంకా చిక్కబడుతుంది. 42కి పెరిగిన రోజుల్లోనే ప్రణాళికా సంఘం పోయింది, దాని ద్వారా రాష్ట్రాలకు వచ్చే ప్రణాళికా సాయం ఆగింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో ఎంత తీశారన్నది విడిగా తేల్చాలి. పైగా సెస్సులు, సర్‌చార్జీలు పంపిణీ నిధిలోకి రావు, పూర్తిగా కేంద్రానివే. అందుకే కేంద్రం స్థూల పన్ను రాబడితో పోల్చి చూస్తే రాష్ట్రాలకు చేరేది 41 శాతం కన్నా బాగా తక్కువ ఉంటుంది. బడ్జెట్ పత్రాల్లోంచి పదేళ్ల అంకెలు తీసి ఈ నిష్పత్తి ఒక్కటి గీసినా ప్రాజెక్టులో మంచి భాగం అవుతుంది.

ఇక వాటా ఎందుకు తగ్గింది? కొలమానాల్లో చూడాలి. 14వ సంఘం 1971 జనాభాకు 17.5, 2011 జనాభాకు 10, విస్తీర్ణానికి 15, అడవులకు 7.5, ఆదాయ అంతరానికి 50 శాతం బరువిచ్చింది. 15వ సంఘం 1971ని వదిలేసి 2011 జనాభాకు 15, విస్తీర్ణానికి 15, అడవులు-పర్యావరణానికి 10, జనాభా నియంత్రణకు 12.5, పన్ను వసూలు ప్రయత్నానికి 2.5, ఆదాయ అంతరానికి 45 పెట్టింది. దేశ జనాభాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 1971లో దాదాపు 7.9 శాతం, 2011కి 7 శాతానికి దిగింది. ఇద్దరు పిల్లలు చాలనుకున్న ఇళ్ల ఫలితం అది. కొత్తగా చేర్చిన 12.5 శాతం కొలమానం ఆ నష్టాన్ని కొంత పూడ్చడానికే. ఎంత పూడ్చింది? అదే మీ ప్రశ్న కావచ్చు. 2026-31కి సిఫార్సులు చేసిన 16వ సంఘం (అధ్యక్షులు అరవింద్ పనగడియా) 41 శాతాన్ని అలాగే ఉంచి, దేశ జీడీపీకి రాష్ట్రం ఇచ్చే తోడ్పాటును కొత్త కొలమానంగా చేర్చింది. 15ను, 16ను పక్కపక్కన పెట్టి ఒక్క రాష్ట్రానికి ఏ కొలమానం వల్ల ఎంత అటూ ఇటూ అయిందో చూస్తే చాలు, ప్రాజెక్టు సిద్ధం.

ఇక్కడి గుంట ఆవేశం. “దక్షిణాదికి అన్యాయం” అని మొదటి పేజీలోనే తీర్పు రాసేస్తారు. ఆ మాట తప్పని నేననను. కానీ బీహార్‌లో పుట్టిన పిల్లకు కూడా ఒక మోస్తరు బడి, ఆసుపత్రి ఉండాలంటే తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వక తప్పదు. ఆదాయ అంతరం అనే కొలమానం ఉన్నదే అందుకు. అంతెందుకు, మన రాష్ట్ర బడ్జెట్లో హైదరాబాద్ పన్నులతో ఆదిలాబాద్‌లో రోడ్డు వేస్తే న్యాయమే అంటాం కదా! ఈ ఎదుటి వాదనకు ఒక పూర్తి అధ్యాయం ఇవ్వని ప్రాజెక్టుకు నేను సంతకం పెట్టను.

బడ్జెట్, ద్రవ్యలోటు

కాగితాలు బోలెడు. ప్రతి ఫిబ్రవరి 1న కుప్పలుగా వస్తాయి. చిక్కు కూడా అదే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక్క విషయం పట్టుకుంటే దారి దొరుకుతుంది. ప్రతి ఏడాదికీ మూడు అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు లెక్క. అసలు లెక్క ఏడాది ముగిశాక వచ్చే బడ్జెట్లో గానీ కనబడదు. పిల్లలు ఒక ఏడాదికి అంచనా, ఇంకో ఏడాదికి అసలు లెక్క తీసుకుని పోలుస్తారు. అక్కడితో ప్రాజెక్టు పోయినట్టే.

ఆ మూడింటి మధ్య తేడానే టాపిక్ చేసుకోవచ్చు. 2020-21లో ఆహార సబ్సిడీకి మొదటి అంచనా దాదాపు 1.16 లక్షల కోట్లు. సవరించిన అంచనా దాదాపు 4.23 లక్షల కోట్లు. కోవిడ్ ఉచిత బియ్యం ఒక కారణం. రెండో కారణం ఆసక్తికరమైనది. అప్పటిదాకా భారత ఆహార సంస్థ చిన్న పొదుపుల నిధి నుంచి అప్పు తెచ్చి నెట్టుకొచ్చేది. ఆ భారం బడ్జెట్ లెక్కలోకి వచ్చేది కాదు. ఆ ఏడాది దాన్ని తీర్చడానికి పూనుకున్నారు. అదే ఏడాది ద్రవ్యలోటు (రాబడికి మించి ఖర్చు చేసి అప్పుతో పూడ్చేది) జీడీపీలో 9.2 శాతానికి చేరింది. మరి అంతకుముందు ఏళ్లలో చూపించిన లోటు నిజంగా ఎంత? 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం పెట్టిన 3 శాతం గీత దగ్గరికి వచ్చామని చెప్పుకున్న రోజులను మళ్లీ లెక్కించి చూడొచ్చు.

రాష్ట్రాల్లోనూ ఇదే కథ, కార్పొరేషన్ల పేరిట తెచ్చే అప్పుల రూపంలో. ఆ వాదనలోకి రాజకీయం చాలా త్వరగా వచ్చేస్తుంది. మీ గైడ్ ఏ పార్టీ అభిమానో ముందే కనుక్కోండి అని సరదాకి అంటుంటాను, సగం నిజంగానే.

మద్దతు ధర, రైతు సాయం

ఊళ్లో ఇల్లుండి, వడ్లు కల్లంలో చూసినవాళ్లకు ఇదే సహజంగా వస్తుంది. కాగితమూ ఉంది. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఏటా ఖరీఫ్‌కు, రబీకి వేర్వేరుగా నివేదిక ఇస్తుంది. సాగు ఖర్చు రాష్ట్రాలవారీగా ఉంటుంది. 2025-26 ఖరీఫ్‌కు వరి క్వింటాలు సాగు ఖర్చును (చేతి ఖర్చులు, ఇంటి మనుషుల కష్టం కలిపి) దేశ సగటున 1,579 రూపాయలుగా లెక్కగట్టారు. ఒకటిన్నర రెట్లు వేస్తే 2,368.50. ప్రకటించిన మద్దతు ధర 2,369. లెక్క సరిపోయింది. కానీ స్వామినాథన్ కమిషన్ పేరు మీద రైతులు అడుగుతున్నది భూమి కౌలు, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపిన ఖర్చు మీద సగం లాభం. మీ జిల్లాలో కౌలు ఎంతుందో మీకే తెలుసు. దాన్ని కలిపి లెక్క మళ్లీ వేయండి.

దీనికి జోడీగా నగదు సాయం ఉంది. తెలంగాణ 2018లో రైతుబంధు మొదలుపెట్టింది, ఎకరాకు ఇంత అని. పీఎం-కిసాన్ కుటుంబానికి ఏడాదికి 6,000. ఎకరాకు ఏడాదికి 12,000 చొప్పున ఇస్తే రెండెకరాల రైతుకు 24,000, పదెకరాల ఆసామికి 1,20,000. కుటుంబానికి ఇంత అంటే ఇద్దరికీ 6,000. పాసుపుస్తకం లేని కౌలు రైతుకు రైతుబంధులోనూ సున్నా, పీఎం-కిసాన్‌లోనూ సున్నా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులను చేర్చారు. రెండు రాష్ట్రాలు ఒకే సమస్యకు రెండు దారులు పట్టాయన్నమాట. ఇంత చక్కని పోలిక కోసం ఎక్కడెక్కడో వెతుకుతారు, మనకు పక్కనే ఉంది.

సర్వే చేసేవాళ్లకు ఒక మాట. “మద్దతు ధరతో మీరు సంతృప్తిగా ఉన్నారా?” అని అడగకండి. దానికి ఎవరైనా లేదనే అంటారు. కిందటి పంట ఎన్ని క్వింటాళ్లు, కొనుగోలు కేంద్రంలో అమ్మారా దళారికా, బస్తాకు తరుగు ఎంత తీశారు, డబ్బు ఎన్నో రోజున పడింది అని అడగండి. నలభై ఇళ్లు చాలు. అయితే ఆ నలభై మీ మేనమామలు, బాబాయిలు కాకూడదు. ఓటర్ల జాబితాలోంచి ప్రతి పదో ఇల్లు తీసుకున్నా సరే, ఎలా తీసుకున్నారో రాయండి.

ఉపాధి

చెప్పాలంటే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చేయడానికి కష్టమూ ఇదే. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కార్మిక సర్వే ప్రకారం నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2. పని చేస్తున్న లేదా పని వెతుకుతున్న మహిళలు (15 ఏళ్లు దాటినవాళ్లలో) 23.3 శాతం నుంచి 41.7కి పెరిగారు. చూడ్డానికి పండగలాగే ఉంది. కానీ అందులో ఎంతమంది జీతం లేకుండా సొంత పొలంలో, సొంత కొట్టులో సాయం చేసేవాళ్లు? ఆ సంగతి నివేదిక పట్టికల్లో కొంతవరకే తేలుతుంది. మిగతాది తేలాలంటే కుటుంబాలవారీ ముడి డేటా దించుకుని ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో తిప్పాలి. డేటా ఉచితమే, ఓపిక మాత్రం మీరు తెచ్చుకోవాలి. కోడింగ్ కొంచెం వచ్చినవాళ్లు, లేదా నేర్చుకోవడానికి వేసవి మొత్తం ఇవ్వగలిగినవాళ్లు రండి. మిగతావాళ్లు దూరం నుంచే దండం పెట్టండి.

అదే రంగంలో తేలికైన దారి కావాలంటే ఉపాధి హామీ ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం స్థానంలో 2025 డిసెంబర్లో కొత్త చట్టం వచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి. ఇంతకుముందు కూలి డబ్బు పూర్తిగా కేంద్రానిదే. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 శాతం వాటా. రోజులు పెరిగాయన్న శీర్షిక కింద రాష్ట్ర ఖజానా మీద పడే బరువు ఎంతో లెక్కేస్తే, మళ్లీ నాకిష్టమైన కేంద్ర-రాష్ట్ర సంబంధాల దగ్గరికే వస్తారు!

ఎవరికి ఏది?

ఎంఏకి వెళ్లాలనుకునేవాళ్లు రెపో రేటు తీసుకుంటే లాభం. ఇంటర్వ్యూల్లో ద్రవ్య విధానం మీద ప్రశ్న రాకుండా ఉండదు. మినిట్స్ చదివినవాళ్ల జవాబు పాఠ్యపుస్తకం చదివినవాళ్ల జవాబులా ఉండదు. గ్రూప్-1 మనసులో ఉన్నవాళ్లకు ఆర్థిక సంఘం రెండు పిట్టలు ఒక దెబ్బ. ప్రాజెక్టూ అవుతుంది, మెయిన్స్ ఎకానమీ పేపర్‌కు నోట్సూ అవుతాయి. హాస్టల్లో కాకుండా ఇంటి నుంచి కాలేజీకి వచ్చేవాళ్లు, మనుషులతో మాట్లాడటం ఇష్టమున్నవాళ్లు రైతు టాపిక్ తీసుకోండి. బడ్జెట్‌ను నలుగురు కలిసి చేసే గ్రూప్ ప్రాజెక్టుకే సూచిస్తాను. ఒక్కరు చేస్తే అంకెల్లో మునిగిపోతారు.

తెలుగు మీడియం పిల్లలు చెప్పే ఇబ్బంది నిజమైనదే. ఈ నివేదికలన్నీ ఇంగ్లిష్‌లోనే. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే మూడో పేజీకి నిద్రొస్తుంది. పట్టికలు ముందు చదవండి. అంకెలకు మీడియం లేదు. పట్టిక చూసి మీకొచ్చిన ప్రశ్నకు జవాబు ఏ పేరాలో ఉందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లండి. కొత్త మాట వచ్చిన ప్రతిసారీ తెలుగు పేపర్లు దాన్ని ఏమంటున్నాయో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ద్రవ్యలోటుకూ రెవెన్యూ లోటుకూ తేడా ఆ పుస్తకమే నేర్పుతుంది. ఫోన్లో చాట్‌బాట్‌ను అడిగి అంకెలు తెచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మాట అర్థం కాకపోతే అడగండి, తప్పులేదు. అంకె మాత్రం అసలు పట్టికలో మీ కళ్లతో చూశాకే రాయండి.

శీర్షిక విషయంలో నేను మొండిదాన్ని. “ప్రభావం”, “ఒక అధ్యయనం”, “సమస్యలు-సవాళ్లు” ఉంటే వెనక్కి పంపుతాను. “15వ, 16వ ఆర్థిక సంఘాల కొలమానాలు: తెలంగాణ వాటాలో మార్పు” అంటే ఏ పట్టిక తెరవాలో శీర్షికే చెబుతుంది. “2023 జూలై టమాటా ధరలు, ద్రవ్య విధాన కమిటీ వాదనలు” అన్నా అంతే. కాలం, చోటు, కాగితం మూడూ శీర్షికలో కనబడాలి.

దసరా సెలవులయ్యేసరికి టాపిక్ ఖాయం చేసుకోండి. సంక్రాంతికి ఊరెళ్లేలోపు అసలు పట్టికలు ఎక్సెల్‌లోకి ఎక్కాలి. ఎక్కకపోతే మొహమాటపడకుండా వచ్చి చెప్పండి, మారుద్దాం. పండగ దాటాక మార్చనివ్వను. ఫిబ్రవరి 1న కొత్త బడ్జెట్ వచ్చి సగం అంకెలు తాజా అవుతాయి, వాటిని సరిదిద్దుకోవడానికే రెండు వారాలు పోతుంది. ఆ తర్వాత రాయడానికి నెల, బైండింగ్‌కు వారం. బంగారు అక్షరాలు మీ ఇష్టం.